మిషన్ ‘కాదు’ అన్నాక ఏం జరుగుతుంది?

కెన్యా ఈశాన్యాన, సోమాలియా సరిహద్దుకు దగ్గర్లో దదాబ్ శరణార్థి శిబిరాలున్నాయి. 1991లో మొదలయ్యాయి. కరువు రోజుల్లో ఆ చుట్టుపక్కల ఉండే కెన్యన్లు కూడా కొందరు అక్కడికి వెళ్లి శరణార్థులమని పేర్లు రాయించుకున్నారు. శిబిరంలో తిండి దొరుకుతుంది, పిల్లలకు బడి ఉంటుంది, వైద్యం అందుతుంది. చాలామందిని చిన్నప్పుడే తల్లిదండ్రులు తీసుకెళ్లి రాయించారు. గండం గడిచింది, ఆ సంగతి మర్చిపోయారు. కంప్యూటర్ మర్చిపోలేదు. పెద్దయ్యాక జాతీయ గుర్తింపు కార్డుకు దరఖాస్తు పెడితే, మీ వేలిముద్రలు శరణార్థుల జాబితాలో ఉన్నాయి, మీకు కార్డు రాదు అన్నారు. వేలమంది కెన్యన్లు పుట్టిన దేశంలోనే ఏ కాగితమూ లేనివాళ్లుగా మిగిలిపోయారు.

ఇందులో సాంకేతిక లోపం ఏమీ లేదు. సర్వర్ డౌన్ అవలేదు, వేలిముద్ర అరిగిపోలేదు. మిషన్ సరిగ్గా పోల్చింది, సరైన జవాబే ఇచ్చింది. ఒకప్పుడు అన్నం కోసం ఇచ్చిన వేలిముద్రను ఇంకోచోట పౌరసత్వానికి తీర్పుగా వాడటంలో ఉంది తప్పు. ‘నాకు ఇక్కడ పుట్టిన ఆధారాలున్నాయి, ఇదిగో’ అని చెప్పుకోవడానికి ఒక కౌంటర్ లేకపోవడంలో ఉంది.

డిజిటల్ గుర్తింపు గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువగా వినిపించేది నమోదు లెక్క. ఇన్ని కోట్లమందికి కార్డులిచ్చాం, ఇన్ని శాతం పూర్తయింది అంటారు. అది అవసరమైన లెక్కే. కానీ ఒక వ్యవస్థ అందరిదీ అవునో కాదో ఆ లెక్క చెప్పదు. మిషన్ కాదన్న మనిషి ఆ తర్వాత ఎటు వెళ్లాలి, ఎవరిని అడగాలి, రుజువు చేసుకునే భారం ఎవరి నెత్తిన పడుతుంది అన్నది చెబుతుంది. నా దృష్టిలో మిగతా చర్చంతా దీని చుట్టూ తిరిగేదే.

ముందు కాగితం లేని బాధ

గుర్తింపు లేకపోవడం చిన్న సమస్య కాదు. ప్రపంచ బ్యాంకు 2022లో ప్రచురించిన అంచనా ప్రకారం దాదాపు 85 కోట్లమందికి ఎలాంటి అధికారిక గుర్తింపూ లేదు. వాళ్లలో సుమారు సగం పిల్లలు, అంటే పుట్టినట్టు ఎక్కడా నమోదు కానివాళ్లు. ఆన్‌లైన్‌లో ప్రభుత్వంతో పని చేసుకోవడానికి పనికొచ్చే డిజిటల్ గుర్తింపు లేనివాళ్లు ఏకంగా 330 కోట్లు. పేద దేశాల్లో ఆడవాళ్ల పరిస్థితి మరీ అన్యాయం. 2018 అంచనాలో అలాంటి దేశాల్లో 45 శాతానికి పైగా స్త్రీలకు గుర్తింపు లేదు, మగవాళ్లలో అది 30 శాతం. 2015లో ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు పెట్టుకున్నప్పుడు, జనన నమోదుతో సహా అందరికీ చట్టబద్ధమైన గుర్తింపు 2030కల్లా అందాలని 16.9 నంబరు కింద రాసుకున్నది ఇందుకే.

కాబట్టి ‘ఈ కార్డులు, వేలిముద్రలు అసలు ఎందుకు’ అని కొట్టిపారేయడం, చేతిలో పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకు సులువు. ఏ కాగితమూ లేనివాడికి ఒక నంబరు రావడం నిజంగా పెద్ద విషయం. ఆ నంబరుతో ఏం చేస్తున్నాం, దాన్ని దేనికి ముడిపెడుతున్నాం అన్నదగ్గరే చిక్కంతా మొదలవుతుంది.

కలిపేసిన మూడు ప్రశ్నలు

కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషిని ప్రభుత్వం అడిగేది ఒకే ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికి అందులో మూడు ప్రశ్నలున్నాయి. నువ్వు చెప్పిన మనిషివి నువ్వేనా? ఇంకో పేరుతో ఇప్పటికే జాబితాలో లేవు కదా? ఈ సాయానికి నీకు అర్హత ఉందా?

మొదటి రెండింటికి గుర్తింపు వ్యవస్థ జవాబివ్వగలదు. మూడోదానికి ఇవ్వలేదు. వేలిముద్ర చూసి ఆదాయం చెప్పలేం, వితంతువో కాదో చెప్పలేం, ఏ దేశపౌరుడో చెప్పలేం. అయినా ఆచరణలో మూడూ కలిసిపోతాయి. నంబరు లింక్ కాలేదంటే అర్హత లేదని, వేలు కలవలేదంటే దొంగ అని తేల్చేస్తారు.

ఈ ముడిని వ్యవస్థ కట్టేటప్పుడే విప్పొచ్చు. భారత్‌లో ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని 2016 చట్టం తొమ్మిదో సెక్షన్ చెబుతుంది. దరఖాస్తుకు ముందు 12 నెలల్లో 182 రోజులు దేశంలో ఉన్నవాళ్లెవరైనా నమోదు చేసుకోవచ్చన్నది దాని నియమం. పౌరుడివా కాదా అని తేల్చే పని పెట్టుకోలేదు కాబట్టే అంత వేగంగా అంతమందిని చేర్చగలిగింది. 2010 సెప్టెంబరులో మహారాష్ట్రలోని టెంభ్లీ గ్రామంలో మొదటి నంబర్లు ఇచ్చారు. ఇప్పుడవి 130 కోట్లు దాటాయి. కార్డునే పౌరసత్వంగా పెట్టుకున్న దేశాల్లో కథ వేరు. కెన్యాలో సూడాన్ మూలాలున్న న్యూబియన్ల వంటి సమాజాల వాళ్లు కార్డు కోసం కమిటీల ముందు నిలబడి, తాతముత్తాతల వివరాలు చెప్పుకోవాల్సి వచ్చేది. పక్క సమాజం పిల్లవాడికి వారాల్లో దొరికే కార్డు వీళ్లకు ఏళ్లు పట్టేది. అలాంటి చోట పాత వివక్ష మీద డిజిటల్ పూత వేస్తే వివక్ష ఇంకా గట్టిపడుతుందే తప్ప కరిగిపోదు.

నమోదు దగ్గర జారిపోయేవాళ్లు

అన్నిచోట్లా జారిపోయేవాళ్లు దాదాపు ఒకే రకం మనుషులు. దూరంగా ఉండేవాళ్లు, ఒక పనిరోజు పోగొట్టుకోలేనివాళ్లు, మంచం దిగలేనివాళ్లు, పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టనివాళ్లు, మగ ఆపరేటర్ ముందు కూర్చోవడం ఇంట్లో ఒప్పుకోనివాళ్లు. పాకిస్తాన్‌లో గుర్తింపు కార్డులిచ్చే సంస్థ నాద్రా, ఆడవాళ్లకు మాత్రమే కేంద్రాలు పెట్టింది, మొబైల్ వ్యాన్లు పంపింది. ఇది గొప్ప ఆవిష్కరణేమీ కాదు, సిబ్బందిలో ఆడవాళ్లను పెట్టడం అంతే. కానీ సాఫ్ట్‌వేర్ ఎంత బాగున్నా ఈ పని చేయలేదు. పెరూలో రెనియెక్ అనే సంస్థ స్పానిష్‌తో పాటు ఆదివాసీ భాషల్లో కూడా పౌర నమోదు పత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. తన పేరు తన భాష పలికే తీరులో కాగితం మీద పడటం చిన్న గౌరవం కాదు.

పేరు దగ్గర ఎన్ని చిక్కులో చెప్పలేం. ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులుంటాయి. ఇంటిపేరు ముందు రాసేవాళ్లు, ఒక్క పేరే ఉన్నవాళ్లు, పెళ్లయ్యాక పేరు మారినవాళ్లు ఆ గడుల్లో ఎలా ఇమడాలో తెలియక ఆపరేటర్ దయమీద ఆధారపడతారు. ఒక కార్డులో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా పడుతుంది. కాగితాల కాలంలో గుమాస్తా చూసి నవ్వి వదిలేసే తేడా ఇది. కంప్యూటర్‌కు మాత్రం రెండు వేర్వేరు మనుషులు.

వయసు సంగతి మరీ ఘోరం. ఉగాండాలో 2014 నుంచి పెద్దఎత్తున జాతీయ గుర్తింపు కార్డుల నమోదు జరిగింది. పెద్దవాళ్లలో చాలామందికి జనన పత్రాలు లేవు కాబట్టి అంచనాగా తేదీ వేశారు. తర్వాత వృద్ధుల భృతికి ఆ కార్డులోని వయసే లెక్క అన్నారు. ముడతలు పడ్డ ముఖంతో ఎదురుగా నిలబడ్డా కార్డులో వయసు తక్కువ ఉంటే డబ్బు రాదు. అక్కడి హక్కుల సంస్థలు 2021లో విడుదల చేసిన నివేదిక ఈ వృద్ధుల గురించీ, కార్డు లేక ఆస్పత్రి నుంచి వెనక్కి వచ్చిన గర్భిణుల గురించీ వివరంగా రాసింది. తప్పు దిద్దించుకోవడానికి ప్రయాణం, ఫీజు, తిరుగుడు అన్నీ వాళ్లవే. తప్పుగా టైప్ చేసింది మాత్రం వాళ్లు కాదు.

అసలు ఏ కాగితమూ లేనివాళ్లను ఎలా చేర్చాలి? దీనికి ఆధార్ మొదట్లో ఒక మంచి దారి పెట్టింది. గుర్తింపు పొందిన పరిచయకర్త ఒకరు ‘ఈ మనిషి నాకు తెలుసు’ అని హామీ ఇస్తే చాలు. ఆలోచన బాగుంది. ఆచరణలో ఆ దారిన వచ్చినవాళ్లు చాలా కొద్దిమంది. దాదాపు అందరూ అప్పటికే ఉన్న వేరే కార్డులు చూపించే నంబరు తీసుకున్నారు. దారి ఉండటం వేరు, అది ఉన్నట్టు జనానికి తెలియడం వేరు.

ఒక శాతం అంటే ఎంతమంది

వేలిముద్రల పోలిక రెండు రకాలు. నమోదు అప్పుడు కొత్తగా వచ్చినవాడి ముద్రను అప్పటిదాకా ఉన్న అందరి ముద్రలతో పోల్చాలి, రెండోసారి రాలేదని తేల్చుకోవడానికి. 100 కోట్లమంది ఉంటే ఇలా చేయాల్సిన పోలికలు మొత్తం 5,000 కోట్ల కోట్లు. ఇందులో అతి చిన్న తప్పు శాతం కూడా పెద్ద సంఖ్య అవుతుంది కాబట్టే పది వేళ్లూ, రెండు కళ్ల ఐరిస్ కూడా తీసుకుంటారు. రెండో రకం రోజూ కౌంటర్లో జరిగేది. ఇక్కడ ఒక మనిషి ముద్రను అదే మనిషి పాత ముద్రతో మాత్రమే పోలుస్తారు. వినడానికి సులువు. కానీ మట్టిపనిలో, సిమెంటు పనిలో, అంట్లు తోమడంలో వేళ్లు అరిగిపోతాయి. వయసుతో చర్మం పలచబడుతుంది. మిషన్ మీద దుమ్ము ఉంటుంది, నెట్‌వర్క్ ఉండదు. విచిత్రం చూడండి, ప్రభుత్వ సాయం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల వేళ్లే మిషన్‌కు తక్కువ కనిపిస్తాయి.

10 కోట్లమంది నెలనెలా వేలు పెడితే, ఒక్క శాతం విఫలమైనా 10 లక్షలమంది. 2018లో భారత సుప్రీంకోర్టు ముందు ఆధార్ సంస్థ ఉంచిన వివరాల్లో ప్రభుత్వ సేవల ధ్రువీకరణలు విజయవంతమైంది 88 శాతం. మిగతా 12 శాతం విఫలమైతే వాళ్లందరికీ సాయం ఆగిపోయిందని కాదు, మళ్లీ ప్రయత్నించవచ్చు, వేరే మార్గాలున్నాయి అని సంస్థ చెప్పింది. ఆ మాట నిజమే. అయితే ‘వేరే మార్గాలు’ కౌంటర్ దగ్గర నిజంగా తెరుచుకుంటాయా అన్నది ఆ లెక్కలో కనపడదు.

దీనికి దగ్గరగా జవాబు చెప్పే రెండు అధ్యయనాలున్నాయి. రెండూ కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలవే. మొదటిది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్లు బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులతో ఇచ్చిన పథకం మీద. 157 మండలాల్లో, 1.9 కోట్ల జనాభా ఉన్న ప్రాంతంలో జరిగింది. కూలీ డబ్బు త్వరగా అందింది, మధ్యలో గల్లంతయ్యేది దాదాపు 40 శాతం తగ్గింది, లబ్ధిదారుల్లో అత్యధికులు కొత్త పద్ధతే బాగుందన్నారు. రెండోది జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ ధ్రువీకరణ మీద. అక్కడ వేలిముద్ర పెట్టించడం వల్ల గల్లంతు తగ్గినట్టు కనపడలేదు. నంబరు ముందుగా లింక్ చేసుకోని 23 శాతం లబ్ధిదారులకు అందే సరుకుల విలువ మాత్రం 10 శాతం తగ్గింది. తర్వాత మిషన్ లెక్కల ఆధారంగా డీలర్లకు కోటా తగ్గించినప్పుడు గల్లంతు తగ్గింది నిజమే. అయితే ప్రభుత్వానికి మిగిలినదాంట్లో సుమారు పావు నుంచి మూడో వంతు దాకా నిజమైన లబ్ధిదారులకు అందకుండా పోయిన సరుకే.

పరికరం దాదాపు ఒకటే, ఫలితం ఇంత తేడా ఎందుకు? ఆంధ్రలో కార్డు లేనివాళ్లకు పాత పద్ధతిలో డబ్బివ్వడం ఆపలేదు. రెండేళ్ల తర్వాత చూసినా కొత్త పద్ధతిలోకి మారినవి సుమారు సగం చెల్లింపులే. అధికారుల లెక్కలో అది ‘సగం పూర్తయిన ప్రాజెక్టు’. కాని ఆ సగం సందే చాలామందిని కాపాడింది. జార్ఖండ్‌లో ఆ సందు మూసుకుపోయింది. జనానికి సులువు చేయాలన్నది మొదటి పథకం లక్ష్యమైతే, ఖర్చు తగ్గించాలన్న తొందర రెండోదానిలో ఎక్కువ కనిపిస్తుంది.

ఇక మినహాయింపుల సంగతి. 2017 అక్టోబరులో ఆధార్ సంస్థ సర్క్యులర్ ఇచ్చింది, ధ్రువీకరణ కుదరకపోతే సాయం ఆపొద్దు, రిజిస్టర్‌లో రాసుకుని ఇవ్వండి అని. మంచిదే. కానీ డీలర్ వైపు నుంచి ఆలోచించండి. రిజిస్టర్‌లో రాసి ఇస్తే రేపు ఆడిట్‌లో ప్రశ్న తనకే వస్తుంది. ‘వేలు పడలేదు, వచ్చే వారం రా’ అంటే ఎవరూ అడగరు. లేదనడం ఖర్చులేని పని అయినంతకాలం సర్క్యులర్లు ఎన్ని వచ్చినా ఎక్కువ మారదు. మినహాయింపు కింద ఎవరికి ఇచ్చారని కాకుండా, ఎవరికి ఇవ్వకుండా పంపారని ఆడిట్ అడగాలి.

అన్నీ ఒకేచోట పెడితే

1943 మార్చి 27న ఆమ్‌స్టర్‌డామ్‌లో నాజీ వ్యతిరేక దళం ఒకటి నగర జనాభా రిజిస్టర్ కార్యాలయానికి నిప్పుపెట్టింది. నెదర్లాండ్స్ జనాభా రికార్డులు అప్పట్లో ఎంత చక్కగా, ఎంత పూర్తిగా ఉండేవంటే, ఆక్రమించిన జర్మన్లకు యూదులను ఇంటింటికీ వెళ్లి పట్టుకోవడం సులువైంది. ఆ దేశపు యూదుల్లో దాదాపు నాలుగింట మూడొంతులమంది చనిపోయారు. రువాండాలో బెల్జియం పాలన కాలం నుంచి కార్డు మీద హుటూ, టుట్సీ అని జాతి రాసేవారు. 1994లో రోడ్డు మీద ఆపి, కార్డు మీద టుట్సీ అని ఉంటే చంపారు. రాసినవాళ్లు చంపడానికి రాయలేదు. ఈ రోజు ప్రభుత్వం మంచిదే కావచ్చు, డేటాబేస్ మాత్రం ప్రభుత్వాల కంటే ఎక్కువకాలం బతుకుతుంది. అవసరం లేనిది అసలు సేకరించకపోవడం అన్నిటికంటే నమ్మకమైన భద్రత.

సేకరించినదాన్ని ఎలా విడదీయాలో కొన్ని దేశాలు చేసి చూపించాయి. ఆస్ట్రియాలో ప్రతి మనిషికీ మూల నంబరు ఒకటి ఉన్నా, దాన్ని శాఖలు నేరుగా దాచుకోవు. పన్నుల శాఖకు దాన్నుంచి పుట్టించిన ఒక నంబరు, ఆరోగ్యానికి ఇంకోటి. ఒకదాన్నిబట్టి ఇంకోటి కనుక్కోలేరు. దీనికి ఎదురు దక్షిణ కొరియా పాత పద్ధతి. అక్కడి నివాస నంబరులోనే పుట్టిన తేదీ, లింగం, ప్రాంతం ఉండేవి, అన్ని చోట్లా అదే నంబరు. ఒకచోట లీకైతే జీవితమంతా లీకైనట్టే. 2014లో పెద్ద లీకేజీ గొడవ అయ్యాక, 2017 నుంచి నష్టపోయినవాళ్లు నంబరు మార్చుకునే వీలిచ్చారు. 2020 అక్టోబరు నుంచి కొత్త నంబర్లలో ప్రాంతం కోడ్ తీసేశారు. నంబరంటే మార్చవచ్చు. వేలిముద్ర లీకైతే ఏం మారుస్తాం?

ఎస్తోనియా పేరు ఎత్తకుండా ఈ చర్చ జరగదు. 2001లో శాఖల మధ్య డేటా మార్పిడికి ఎక్స్-రోడ్ అనే అనుసంధానం, 2002లో చిప్ ఉన్న కార్డు వచ్చాయి. అక్కడ సమాచారాన్నంతా ఒక గోదాములో పోయలేదు. ఏ శాఖ డేటా ఆ శాఖ దగ్గరే ఉంటుంది, అవసరమైనప్పుడు అడిగి తెచ్చుకుంటారు. నా వివరాలు ఎవరు చూశారో పౌరుడు తనే పోర్టల్‌లో చూసుకోవచ్చు. నాకు ఆ దేశంలో బాగా నచ్చేది ఇది. జనాన్ని ప్రభుత్వం చూసినట్టే ప్రభుత్వాన్ని జనం చూడగలరు. అలాంటి చోటా 2017లో చిప్‌లో లోపం బయటపడి దాదాపు 7.6 లక్షల కార్డుల సర్టిఫికెట్లు (ఆన్‌లైన్‌లో కార్డు నిజమైనదని నిరూపించే డిజిటల్ ముద్రలు) నిలిపేయాల్సి వచ్చింది. జనాభా 13 లక్షల దేశంలో అది ఎంత పెద్ద సంగతో చూడండి. దాచకుండా చెప్పారు, ఇంటి నుంచే అప్‌డేట్ చేసుకునే వీలు పెట్టారు. అయితే 13 లక్షలమందికి కుదిరింది వందకోట్లమందికి అలాగే కుదరదు. ‘ఎస్తోనియాలో అయింది కదా’ అనేవాళ్లు ఆ తేడా మింగేస్తారు.

తప్పనిసరా, ఇష్టమైతేనా

కోర్టులు ఈ ప్రశ్నను చాలాసార్లు ఎదుర్కొన్నాయి. జమైకాలో 2017లో చేసిన చట్టం జాతీయ గుర్తింపు వ్యవస్థలో నమోదును తప్పనిసరి చేసింది. 2019 ఏప్రిల్‌లో కోర్టు దాన్ని కొట్టేసింది. 2021లో ఇష్టమైతేనే అనే కొత్త చట్టం వచ్చింది. కెన్యాలో జనం వివరాలను ఒకే డిజిటల్ నంబరు కింద చేర్చే హుదుమా నంబా అనే పథకం విషయంలో, 2020 జనవరిలో హైకోర్టు నిబంధనలు చేశాకే ముందుకెళ్లమంది, డీఎన్‌ఏ సేకరణ కుదరదంది. 2021 అక్టోబరులో డేటా రక్షణపై ప్రభావాన్ని ముందుగా అంచనా వేయకుండా కార్డులు పంచడం చెల్లదంది. భారత సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో సబ్సిడీలకు ఆధార్‌ను సమర్థిస్తూనే ప్రైవేటు కంపెనీలు దాన్ని డిమాండ్ చేసే వీలు తీసేసింది. ఆధార్ లేదని పిల్లలకు సాయం ఆపకూడదంది.

తీర్పుల్లో ఉన్నంత తేలిగ్గా జీవితంలో గీత కనపడదు. చట్టంలో ‘ఐచ్ఛికం’ అని ఉంటుంది, అది లేకుండా మాత్రం ఏ పనీ జరగదు. అందుకే ఈ పదాన్ని ఊరికే నమ్మకూడదు. కార్డు వద్దనుకున్న మనిషి అదే పనిని అదే రోజు వేరే పద్ధతిలో చేసుకోగలిగితేనే అది ఐచ్ఛికం. యూరోపియన్ యూనియన్‌లో 2024లో అమల్లోకి వచ్చిన నిబంధన ఈ మాటను చట్టంలోనే రాసింది. 2026 చివరికల్లా సభ్య దేశాలన్నీ పౌరులకు డిజిటల్ వ్యాలెట్ (ఫోన్‌లో గుర్తింపు పత్రాలు పెట్టుకునే యాప్) ఇవ్వాలి, కానీ వాడనివాళ్లకు సేవల్లో నష్టం జరగకూడదు. ఆ వ్యాలెట్‌లో ఇంకో సుగుణం, అవసరమైనంతే చూపించవచ్చు. 18 దాటాయా అంటే అవును అని మాత్రమే వెళుతుంది, పుట్టిన తేదీ వెళ్లదు. డెన్మార్క్‌లో ప్రభుత్వ ఉత్తరాలన్నీ డిజిటల్‌గానే వస్తాయి, కానీ వాడలేని వాళ్లు మినహాయింపు అడిగితే కాగితం ఉత్తరమే ఇంటికొస్తుంది. డిజిటల్‌లో అంత ముందున్న దేశం కాగితం ఉత్తరాన్ని పూర్తిగా వదులుకోలేదు.

చివరగా ఒక లెక్క సంగతి. డ్యాష్‌బోర్డులో ఎన్ని ధ్రువీకరణలు జరిగాయి, ఎన్ని విఫలమయ్యాయి అని కనిపిస్తుంది. వేలు పెట్టి విఫలమైనవాడు కనీసం విఫలమైనట్టయినా నమోదవుతాడు. ‘నీ పేరు లిస్టులో లేదు’ అని మిషన్ దాకా రానివ్వకుండా పంపేసినవాడు ఎక్కడా నమోదు కాడు. రెండుసార్లు తిరిగి విసిగి మానేసిన ముసలావిడ ఆ లెక్కలో అసలు లేదు. జార్ఖండ్ పరిశోధకులకు వీళ్లు కనపడింది సర్వర్ లాగ్‌లలో కాదు, ఇంటింటి సర్వేలో. సర్వర్లకు, పరికరాలకు, సాఫ్ట్‌వేర్‌కు బడ్జెట్ రాసేటప్పుడు ఏటా ఇలాంటి ఇంటింటి సర్వేకు కూడా ఒక వరుస రాసుకోవచ్చు. మొత్తం ఖర్చులో అది చాలా చిన్న అంకె.